ఫోన్ కాదన్న వేలు

మాణిక్యాంబగారి నోట మెచ్చుకోలు వినాలంటే పెట్టి పుట్టాలి. శిష్యులు బాగా వాయిస్తే ఆవిడ "ఊఁ" అంటారు, పాడుచేస్తే "మళ్ళీ" అంటారు. విజయనగరంలో ఆవిడ దగ్గర వీణ నేర్చుకున్నవాళ్లంతా ఈ రెండు మాటల మధ్యే బతికారు. పైడిరాజుకు మాత్రం ఏడాదిగా ఆ రెండోదే దక్కుతోంది.

పైడిరాజు మందుల షాపులో పనిచేస్తాడు. ముప్పై దాటాక, పెళ్లాం నవ్వినా పట్టించుకోకుండా, ముచ్చటపడి వీణ మొదలుపెట్టాడు. ఆ ఉదయం పాఠం అయ్యాక అతను లేవలేదు. ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మగారూ, ఉన్నమాట చెప్పండి. నా చేతికి ఈ విద్య వస్తాదా? ఏడాది కిందట ఎలాగున్నానో ఇప్పుడూ అలాగే ఉన్నాను. రాదంటే మానేస్తాను."

మానేస్తానన్న మాట పైకి అనగానే అతని కళ్ళు చెమర్చాయి. వీణంటే అతనికి అంత ఇష్టం.

ఆవిడ వీణ వైపు చూసి, "మంద్రం తీగ పాతబడింది. బొబ్బిలిలో తీగలమ్మే ఆయనకి ఒకసారి ఫోన్ కలుపు" అన్నారు.

పైడిరాజు ఉసూరుమంటూ ఫోన్ తీశాడు. వీణ మొదలుపెట్టిన వారంలోనే కొన్నాడు దాన్ని. షాపు కౌంటరు మీద పెడితే వచ్చినవాళ్లంతా తిప్పి చూస్తారని లాకు మీద లాకు బిగించాడు. పిన్ పెట్టాడు, వేలిముద్ర పెట్టాడు, ఫోటోలకు విడిగా ఇంకోటి పెట్టాడు. వాళ్లింట్లో బీరువాకైనా అన్ని తాళాలు లేవు. ఎడమచేత్తో పట్టుకుంటే చూపుడువేలు సరిగ్గా ఫోన్ వెనక వేలిముద్ర తీసుకునే చోటే ఆనుతుంది గనక ఆ వేలే ఎక్కించాడు.

ఇప్పుడూ అదే వేలు ఆనించాడు. తెరుచుకోలేదు. చొక్కాకు తుడిచి మళ్ళీ ఆనించాడు. ఊహూఁ.

"కొన్నాళ్లుగా ఇదే వరసండి. నన్ను ఎరగనట్టే చేస్తంది. పిన్ కొట్టుకుని నెట్టుకొస్తన్నాను. సాయంత్రం రిపేరుకి ఇచ్చీయాలి" అన్నాడు చిరాగ్గా.

"వేరే వేలేదైనా ఇచ్చావా?"

"కుడి బొటనవేలు ఇచ్చానండి, ఎందుకైనా మంచిదని."

"అది పెట్టి చూడు. ఆ వేలికి వీణతో పనిలేదుగా."

పెట్టగానే ఫోన్ చటుక్కున తెరుచుకుంది. పైడిరాజు తెల్లబోయాడు. ఫోన్‌కు ఏ రోగమూ లేదు.

మాణిక్యాంబగారు అతని ఎడమచెయ్యి అందుకుని కిటికీ వెలుతురులోకి తిప్పారు. చూపుడువేలి కొస కాయకాచి గట్టిపడింది. తీగ ఒరుసుకున్నచోట నల్లగా గాడి పడి, పాత గీతలు చెరిగిపోయాయి. అతను ఆ వేలిని ఎవరిదో అన్నట్టు చూశాడు. కాసేపటికి నవ్వు ముంచుకొచ్చింది, ఆపుకుందామన్నా ఆగలేదు. ఆవిడా నవ్వారు. ఆవిడ నవ్వగా వినడం అతనికి అదే మొదలు.

రిపేరు సంగతి గాని, మానేసే సంగతి గాని పైడిరాజు మళ్ళీ ఎత్తలేదు. "మరి దీన్నేం చెయ్యమంటారమ్మా?" అని ఫోన్ చూపించాడు.

"ఏముంది, ఆ వేలే మళ్ళీ కొత్తగా ఎక్కించుకో" అన్నారు ఆవిడ, వీణ ఒళ్లోకి లాక్కుంటూ. "వచ్చే ఏడాదికి ఫోన్ మళ్ళీ ఈ వేలిని కాదనాలి."