పీట మీద ఎలుగు మావ

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఆఁ, అలాగ. ఇక మధ్యలో లేచి మంచినీళ్ళన్నావో, కథ అక్కడే ఆపేసి అటు తిరిగి పడుకుంటాను.

అనగనగా ఒక పెద్ద అడవి. ఆ అడవి నడుమ ఒక చిన్న ఊరు. ఆ ఊరివాళ్ళని మారుమేనివాళ్ళు అనేవారు. ఎందుకంటే వాళ్ళు కావాలనుకుంటే జంతువులైపోయేవారు. చింతకాయలు కొయ్యాలంటే కోతులయ్యేవారు. దుంపలు తవ్వాలంటే అడవిపందులయ్యేవారు. తేనె తియ్యాలంటే ఎలుగులయ్యేవారు. ఎలుగు బొచ్చులోకి తేనెటీగ ముల్లు దిగదు కదా, అందుకని. నిచ్చెన అక్కర్లేదు, గునపం అక్కర్లేదు. ఎంత హాయో చూడు.

మళ్ళీ మనిషి అవడం మాత్రం ఎవరంతట వాళ్ళకి చేతకాదు. ఇంటికొచ్చి పీట మీద కూర్చోవాలి. ఇంట్లోవాళ్ళు అన్నా, మావా అని వరసతో పిలిచి, వేడివేడి చోడిముద్ద, అదే రాగిముద్ద, పెట్టాలి. అది తినగానే బొచ్చంతా రాలిపోయి, లోపల్నుంచి మనిషి బయటికొచ్చేవాడు.

అయితే దానికో గడువుంది. తొలకరి చినుకు నేలని తాకేలోపు అందరూ మనుషులైపోవాలి. చినుకు పడిందా, వాన నీళ్ళకి గడ్డి పాతుకున్నట్టు ఒంటి మీది బొచ్చు పాతుకుపోతుంది. ఆ తర్వాత ఎన్ని ముద్దలు పెట్టినా ఊడదు. అలా అడవి పాలైనవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. దుప్పి కనిపిస్తే కళ్ళొత్తుకునే తల్లులూ ఉన్నారు. భయపడకు, నా చెయ్యి పట్టుకో.

అందుకే ఆ ఊళ్ళో ఒక మర్యాద ఉండేది. అడవిలో ఏ జంతువు ఎదురైనా, కాస్త దూరంగా నిలబడి నాలుగు ఊరి కబుర్లు చెప్పి వెళ్ళాలి. మనవాళ్ళెవరైనా అయితే ఊరిని మర్చిపోకుండా ఉంటారని. అంతేగానీ, 'నువ్వు ఫలానావాడివేనా?' అని మాత్రం అడగకూడదు. అడిగితే మహా అవమానం. ఎవరింటి మనిషిని వాళ్ళే పోల్చుకోవాలి.

ఆ ఊళ్ళో పోలి అని ఒక పిల్ల ఉండేది. నీ అంతే ఉంటుంది, నీకన్నా కాస్త మాట వింటుంది. దానికి అమ్మా నాన్నా లేరు. ఒక అవ్వ, ఒక మేనమామ, వాళ్ళే దిక్కు. మేనమామ పేరు జోగులు. పోలిని భుజం మీంచి దించేవాడు కాదు. తల దువ్వేదీ వాడే, ముల్లు గుచ్చుకుంటే తీసేదీ వాడే. వాడికి ఉన్న జబ్బల్లా ఒక్కటే, తేనె పిచ్చి. తేనెపట్టు కనిపిస్తే ఒళ్ళు తెలిసేది కాదు.

ఆ ఏడు ఎండలు తగ్గి ఆకాశం మీద మబ్బులు తేలాయి. అప్పుడు కోతులు ఇళ్ళకొచ్చాయి. పందులు ఇళ్ళకొచ్చాయి. ముద్దలు తిని మనుషులై, అరుగుల మీద కూర్చుని కబుర్లు మొదలెట్టారు. జోగులు మాత్రం రాలేదు.

పోలి గుమ్మంలో నిలబడి చూసింది, చూసింది. ఇక ఉండబట్టలేక తనే వెతకడానికి బయల్దేరింది.

వాగు దాటాక నేరేడు చెట్టు కింద ఒక ఎలుగు కనిపించింది. రాలిన పళ్ళు ఏరుకుని తింటోంది. మూతంతా ఊదారంగు. పోలికి ప్రాణం లేచొచ్చింది. 'నువ్వు మా మావవేనా?' అని అడగకూడదు కదా, అందుకని అడగలేదు.

"మావా, ముద్ద చల్లారిపోతంది. ఇంటికెల్దాం రా," అంది. చేతిలో ఉన్న బెల్లం ముక్క చూపించింది.

ఎలుగు ఆ బెల్లం వాసన చూసింది. బుద్ధిగా వెనకాలే నడిచింది.

ఇక్కడ నీ చెవిలో ఒక మాట చెప్తాను. అది జోగులు కాదు. ఉత్త ఎలుగు. పుట్టినప్పట్నుంచీ ఎలుగే. ఆ సంగతి నాకు తెలుసు, ఇప్పుడు నీకూ తెలుసు. పాపం పోలికే తెలీదు.

మొదటి సాయంత్రం పోలి పీట వేసింది. అవ్వ అడ్డాకులో వేడి ముద్ద పెట్టింది. "మావా, తిను," అంది పోలి. ఎలుగు ముద్ద తినేసింది, ఆకు కూడా నమిలేసింది. బొచ్చు మాత్రం వెంట్రుకంత కూడా రాలలేదు.

"నాల్రోజులు ఎక్కువున్నాడు కదే, బొచ్చు ముదిరిపోనాది. ఒక్క ముద్దకి ఊడదు," అంది అవ్వ. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు.

రెండో సాయంత్రం పోలి ముద్దలో బెల్లం కలిపింది. ఎలుగు లొట్టలేసుకుంటూ తినేసి, గుంజకి వీపు రుద్దుకుంది. ఆ దెబ్బకి ఇంటి కప్పు సగం ఒరిగింది. ఇంతలో పక్కింటి గాసి తాత పలకరించడానికొచ్చాడు.

"ఏటి జోగులూ, ఇంత చిక్కిపోనావు?" అన్నాడు. ఎలుగు ఆవలించింది. "పాపం, అలిసిపోనాడు," అని తాత వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పోలి ఎలుగు పక్కన కూర్చుని, దాని బొచ్చులో పల్లేరుకాయలు ఏరింది. "మావా, నువ్వు లేపోతే నాకు తల దువ్వేవోళ్ళు లేరు," అని చెప్పుకుంది. "అవ్వ దువ్వితే నొప్పెడతాది." ఎలుగు కదలకుండా కూర్చుని విన్నది. దానితో అంతసేపు మాట్లాడినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు మరి.

మూడో రోజు మబ్బులు నల్లగా కమ్ముకున్నాయి. వాన రాకముందే నాలుగు కట్టెలు తెచ్చుకుందామని గాసి తాత అడవికెళ్ళాడు. అక్కడ కొండరాతి మీద ఒక ఎలుగు తేనెపట్టు నాకుతూ కూర్చుంది. తాత మర్యాదగా దూరంగా నిలబడి ఊరి కబుర్లు చెప్పాడు.

"గౌరి మేక రెండు పిల్లల్ని ఈనింది. మా ఇంటి మీద పెంకులు మార్చినాం. ఇంకేటి? ఆఁ, మా జోగులు ఇంటికొచ్చీసినాడు. మేనకోడలు బెల్లం కలిపి ముద్దలెడతంటే, పీట మీద కూకుని మెక్కుతున్నాడు."

ఆ ఎలుగు నాకడం ఆపేసింది. తేనెపట్టు దాని చేతిలోంచి జారి కింద పడిపోయింది. ఎవరో నీకు తెలిసిపోయిందా? ష్, చెప్పకు.

ఆ సాయంత్రం పోలి మూడో ముద్ద పెట్టింది. ఉరుములు మొదలయ్యాయి. ఎలుగు సగం ముద్ద తిన్నది. బొచ్చు రాలలేదు. కుండలో ఇంకేమీ మిగల్లేదు, మళ్ళీ వండే పొద్దూ లేదు.

"మావా, నాకు నువ్వు గావాల. తొందరగా మారిపోవా?" అని పోలి ఎలుగు మెడ పట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడు గుమ్మంలో దబ్బున చప్పుడైంది. చూస్తే ఇంకో ఎలుగు! ఒళ్ళంతా తేనె, తేనె నిండా ఎండుటాకులు. రొప్పుతోంది. నోరు తెరిచింది. మొదట ఉత్త గుర్రే వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ గుర్రే. మూడోసారి మాట వచ్చింది.

"ఎవుడ్రా నువ్వు? నా పీట మీద కూకుని, నా ముద్ద తింతన్నావు?"

పోలి బిత్తరపోయింది. ఆ గొంతు జోగులు మావది. అడవి వాడి ఒంటినంతా మార్చేసింది గానీ, వాడి ఉక్రోషాన్ని మార్చలేకపోయింది. అవ్వ చేతిలో గరిటె పారేసి మంచం ఎక్కేసింది. "అయ్యో నా తల్లో! మరైతే ఇదేటి, నిజం ఎలుగా!"

బయట మట్టి వాసన వచ్చేస్తోంది. చినుకు ఇదిగో పడుతుంది, అదిగో పడుతుంది. మిగిలినదల్లా ఆకులో సగం ముద్ద. అది నిజం ఎలుగు ముందుంది. తింటున్న ఎలుగు ముందు చెయ్యి పెడితే ఏమవుతుందో ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు.

పోలికీ తెలుసు. అయినా వెళ్ళి దాని ముందు కూర్చుంది.

"నువ్వు మా మావవు కాదంట," అంది. "నేనే పోల్చుకోలేకపోనాను, నీ తప్పేటీ లేదు. ఆ సగం మా మావకి పెట్టవా? రేపు నీకు మళ్ళీ వండుతాను, మావా."

చూశావా, అలవాటయిపోయి మళ్ళీ మావా అనేసింది.

ఎలుగు పోలిని చూసింది. ముద్దని చూసింది. మళ్ళీ పోలిని చూసింది. ఆ తర్వాత ముక్కుతో ఆ ఆకుని ముందుకి నెట్టింది.

"మావా, తిను!" అని అరిచింది పోలి, ఈసారి జోగులు వైపు తిరిగి. జోగులు పీట కొసన కూలబడి, ఆ సగం ముద్దని ఒక్క గుటకలో మింగాడు. జలజలా బొచ్చు రాలింది. రాలిన బొచ్చులోంచి తేనె కారుతూ జోగులు లేచాడు. అప్పుడే వాకిట్లో తొలి చినుకు టప్పుమని పడింది.

పోలి వెళ్ళి మావని చుట్టేసుకుంది. వదిలితే ఒట్టు. అంటుకుపోయింది కూడా, అంత తేనె మరి. అవ్వ మంచం మీంచే ఏడుస్తోంది, నవ్వుతోంది, కొడుకుని తిడుతోంది.

అన్నీ అయ్యాక జోగులు ఎలుగు వైపు గుర్రుగా చూశాడు. "మరి వీడెవుడు?"

పోలి ఒక్క క్షణం ఆలోచించింది. "చిన్న మావ," అంది.

బయట వాన దంచి కొడుతోంది. జోగులు కాసేపు తల గోక్కున్నాడు. పీట వైపు చూశాడు. ఎలుగు వైపు చూశాడు.

"సర్లే," అన్నాడు. "కాస్త జరుగు."

ఎలుగు జరిగింది.

ఆ ఎలుగు మనిషి అయ్యిందా అని అడుగుతావు, నాకు తెలుసు. అవ్వలేదు. అవ్వమని వాళ్ళెవరూ అడగలేదు కూడా.

ఇద్దరు మావలు ఒక్క పీటా,
ఇంటి మీద వాన పాటా,
కథ పట్టె కంచి బాటా,
కళ్ళు పట్టె నిద్ర బాటా.