అయిదు మణుగుల పొగరు

ఒకానొక రాజ్యం. ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, చెప్పబోతే నాకు మళ్ళీ ఒళ్ళు మండుతుంది. ఆ రాజ్యంలో మనిషి ఒంటికి సరిపడే వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. అన్నీ హోదాకే సరిపడేవి. పెద్ద పదవిలో ఉన్నవాడికి పెద్ద గొడుగు, పెద్ద పీట, పెద్ద తలపాగా. సరే, గొడుగు పెద్దదైతే ఎవరికేం నష్టం? అక్కడితో ఆగినా బాగుండేది. విల్లు కూడా హోదాను బట్టే ఉండాలన్నారు.

అన్నది ఎవరయ్యా అంటే, ఆస్థాన పండితుడు గుండావధానులు. ఆయన పుట్టి బుద్ధెరిగి ఒక్క బాణం వేసిన పాపాన పోలేదు. అయినా ధనుస్సుల మీద తాటాకుల కట్ట ఒకటి రాసిపారేశాడు. కావలివాడికి మణుగు విల్లు, దళపతికి మూడు మణుగులు, సేనాపతికి నాలుగు, ప్రభువుకు అయిదు.

విల్లుకు మణుగులేమిటని మీకు అనుమానం రావచ్చు. విల్లును గోడకు బిగించి, నారికి తట్ట వేలాడదీసి, తట్టలో రాళ్ళు వేస్తూ పోతారు. నారి బాణం పొడుగున కిందికి దిగడానికి ఎంత బరువు పట్టిందో, అదే ఆ విల్లు బరువు. మణుగంటే ఎనిమిది వీసెలు. అయిదు మణుగులంటే నలభై వీసెలు! ఎద్దును కట్టి లాగించాల్సిన విల్లు అది. పొడుగు సంగతీ అంతే. కావలివాడికి నడుమెత్తు విల్లు, ప్రభువుకు నిలువెత్తు మీద ఇంకో రెండు జానలు.

ఆ ప్రభువు పేరు గండభైరవ భూపతి. పేరైతే పొడుగే గాని మనిషి పొట్టి, చేతులు మరీ పొట్టి. ఆయనకు ఆ విల్లు చేసిపెట్టాల్సిన కర్మ ఆస్థానంలో విల్లులు చేసే తిప్పయ్యకు పట్టింది.

తిప్పయ్య తాత కాలం నుంచీ ఆ ఇంట విల్లు చేసే పద్ధతి ఒక్కటే. విల్లు కావాలన్నవాణ్ణి రెండు చేతులూ బార్లా చాపి నిలబడమనేవాడు. ఈ వేలికొస నుంచి ఆ వేలికొసకు తాడు పట్టేవాడు. బార ఎంతో విల్లంత. తర్వాత చేతికి ఒక విల్లిచ్చి, నారిని చెంపదాకా లాగి పట్టుకోమని, తాను పది లెక్కపెట్టేవాడు. పది అయ్యేలోపు చెయ్యి వణికిందా, ఆ విల్లు వాడిది కాదు. రెండు వీసెలు తగ్గించు. ఇందులో శాస్త్రం లేదు, తాటాకు లేదు. ఒక తాడు, పది అంకెలు.

కానీ ప్రభువు ఒంటికి తాడు పట్టకూడదట! మనిషిని తాడుతో కొలిచేది పాడె కట్టేటప్పుడే కాబట్టి బతికున్న రాజును కొలిస్తే అరిష్టమని అవధానులు కళ్ళెర్రజేశాడు. ప్రభువు చెయ్యి వణికిందా లేదా అని లెక్కపెట్టడం రాజద్రోహం కిందికి వస్తుందని కూడా అన్నాడు.

తిప్పయ్య నోరు మూసుకుని, రాసి ఉన్నట్టే అయిదు మణుగుల విల్లు చేసి పంపాడు. వారానికి తిరిగొచ్చింది, నారి బాగాలేదని. మంచి నారితో ఇంకో విల్లు చేసి పంపాడు. మళ్ళీ వచ్చింది, వెదురు పచ్చిదని. పొయ్యి మీద అటకలో మూడేళ్ళు పొగపట్టిన మేలైన వెదురు తీసి ఇంకో విల్లు చేశాడు. అదీ వచ్చింది. ఈసారి పట్టుకునే చోట చుట్టిన తోలు నున్నగా లేదట.

"తోలుట, తోలు!" అని తిప్పయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఆ మహానుభావుడు నారి జానెడు కూడా లాగలేకపోయాడని ఒక్కడైనా నోరు తెరిచి చెప్తాడా? చెప్పడు! తోలు మార్చమంటాడు!"

ఇంతలో పిలుపొచ్చింది. వెళ్ళేసరికి భూపతి సింహాసనం మీద కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉన్నాడు.

"తిప్పయ్యా, ఇరవై రోజుల్లో పొరుగు రాజు మన ఊరొస్తున్నాడు. ఆయన ఎదుట నేను బాణం వెయ్యాలి. మూడు విల్లులు చేశావు, మూడూ చెత్తే."

"చిత్తం ప్రభూ. ఒక్కసారి తమరి బార..."

"ఆఁ!" అని అవధానులు గుడ్లురిమాడు.

"ఆ రోజు నా బాణం గురి తప్పితే," అన్నాడు భూపతి, "నీ వెదురుతోపు మొదలంటా నరికించి అక్కడ ఏనుగుల సాల కట్టిస్తాను. విల్లు చెయ్యడం చేతకానివాడికి వెదురెందుకు?"

ఆ తోపు తిప్పయ్య తాత వేసింది. దగ్గర దగ్గరగా కణుపులుండే ఆ గట్టి వెదురు చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. తోపు పోతే విల్లు లేదు, విల్లు లేకపోతే తిప్పయ్య లేడు.

ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. భార్య ఓబులమ్మ సంగతంతా విని చేతిలో చేట అవతల పారేసింది.

"ఇదెక్కడి చోద్యమయ్యా! లాగితే రానిది విల్లు. శిక్ష మన తోపుకా? మాట వినంది విల్లయితే ఆ విల్లునే పట్టుకు చావగొట్టమను!"

"ఊరుకోవే, విల్లును ఎవరన్నా..." అని తిప్పయ్య కసురుకోబోయి ఆగిపోయాడు. "ఓబులమ్మా, ఇంకోసారి అను ఆ మాట."

"ఏ మాట?"

"చావగొట్టమను అన్నావే, అది."

మర్నాడు సభలోకి తిప్పయ్య అయిదు మణుగుల విల్లును పగ్గంతో కట్టి ఈడ్చుకొచ్చాడు.

"ప్రభూ, దొంగను పట్టుకొచ్చాను."

"ఎక్కడ?" అని భూపతి అటూ ఇటూ చూశాడు.

"ఇదిగో. ఈ విల్లు రాజాజ్ఞ మీరింది. ప్రభువు రమ్మని లాగారు, ఇది రాలేదు. దీని మీద విచారణ జరగాలి."

గుండావధానులు ఫక్కున నవ్వాడు. "ఓరీ, విల్లుకు విచారణేమిట్రా? అది కట్టె. కట్టెకు వినడం, వినకపోవడం ఉంటాయా?"

"అదే తేల్చాలి స్వామీ. ఒట్టి కట్టే అయితే ఎవరు లాగినా రాకూడదు కదా. కోట గుమ్మం దగ్గరి కావలివాణ్ణి ఒకసారి పిలిపించండి."

కావలివాడొచ్చాడు. తాటిచెట్టంత మనిషి, చేతిలో హోదా ప్రకారం ఇచ్చిన నడుమెత్తు విల్లు. చిన్నపిల్లల ఆటవస్తువులా ఉందది. తిప్పయ్య అయిదు మణుగుల విల్లు విప్పి అతని చేతికిచ్చాడు. అతను నారి పట్టుకుని చెంపదాకా లాగాడు, కాసేపుంచాడు, మెల్లగా వదిలాడు.

భూపతి మొహం కందగడ్డయింది.

తిప్పయ్య వెంటనే అందుకున్నాడు. "చూశారా ప్రభూ దీని పొగరు! కావలివాడు పిలిస్తే వస్తుందిట, తమరు పిలిస్తే రాదుట! ఇది చేతకాక రాకపోవడం కాదు, ధిక్కారం!"

భూపతి సింహాసనం మీంచి దిగి వచ్చాడు. ఆయన కోపం కావలివాడి మీంచి తిప్పయ్య మీదికి, అక్కడి నుంచి విల్లు మీదికి మళ్ళింది. ఒకళ్ళ మీద కోపం తీర్చుకోవడం ఎలాగూ తప్పదు కాబట్టి, ఎదురుచెప్పని విల్లే నయమనిపించింది.

"అవును! ధిక్కారమే! దీన్ని పొయ్యిలో..."

"వద్దు ప్రభూ! కాలిస్తే అది తప్పించుకున్నట్టే. లొంగదీస్తేనే తమరి గెలుపు. రోజూ పొద్దున్నే తమరు స్వయంగా రమ్మని లాగండి. ఎక్కడ మొరాయిస్తే అక్కడ కత్తితో చర్మం గీరేస్తాను. వచ్చేదాకా గీరేస్తాను."

"శాస్త్రంలో ఇలాంటి శిక్ష..." అని అవధానులు లేచాడు.

"రాజాజ్ఞ మీరినవాళ్ళకు శిక్ష వద్దని మీ శాస్త్రంలో ఉందా స్వామీ?"

అవధానులు కూర్చున్నాడు.

"ముందు దీని పొడుగు చూడు," అన్నాడు భూపతి, విల్లు పక్కన నిలబడి తలెత్తి చూస్తూ. "నా ఎదుట ఇంత నిక్కి నిలబడుతుందా? కొయ్యి రెండు కొసలూ!" అని రెండు చేతులూ బార్లా చాచి చూపించాడు.

"చిత్తం," అన్నాడు తిప్పయ్య. అతనికి కావలసిందీ అదే. భూపతి తీర్పు చెబుతూ చేతులు బార్లా చాచినప్పుడే, ఆ చివరి నుంచి ఈ చివరికి ఎంతుందో కంటితో కొలిచేసుకున్నాడు. నలభై ఏళ్ళ కన్ను అది. వీసమెత్తు తేడా రాలేదు.

రెండు కొసలూ కోశాక మర్నాడు భూపతి లాగితే, నారి మొదట వచ్చినంత కూడా రాలేదు.

"ఏమిట్రా ఇది! శిక్ష వేస్తే ఇంకా బిరుసెక్కిందేం?"

కురచ చేస్తే ఏ విల్లయినా బిరుసెక్కుతుంది. చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. కానీ తిప్పయ్య విసుగంతా మింగి, "కొందరంతే ప్రభూ, మొదటి దెబ్బకు ఇంకా మొండికేస్తారు," అన్నాడు.

ఇక అక్కడి నుంచి రోజూ ఇదే తంతు. భూపతి రావడం, ఊపిరి బిగబట్టి లాగడం. బాణం మీద ఆయన చెయ్యి ఎక్కడిదాకా వచ్చిందో తిప్పయ్య అక్కడ సున్నపు బొట్టు పెట్టడం. "ఇవాళ నాలుగు వేళ్ళు లొంగింది ప్రభూ," అని చెప్పడం. తర్వాత విల్లు లోపలివైపు, పైసగానికి నాలుగు గీతలు, కిందిసగానికి నాలుగు గీతలు, రెండూ ఒక్కలా వంగేట్టు గీరడం. రాలిన పొట్టంతా ఓబులమ్మ ఇచ్చిన గంపలో ఎత్తిపెట్టడం. ఒక రోజు భూపతి విల్లును తిట్టాడు. ఒక రోజు బతిమాలాడు కూడా. అది నేనన్నానని ఎవరికీ చెప్పకండి.

పద్దెనిమిదో రోజున నారి ఆయన చెంపను తాకింది.

"వదలకండి ప్రభూ, అలాగే ఉంచండి! ఒకటి, రెండు, మూడు..." తిప్పయ్య పది దాకా లెక్కపెట్టాడు. చెయ్యి వణకలేదు. తిప్పయ్య కత్తి మొలలో దోపుకున్నాడు.

"ఇంకా గీరు!" అని భూపతి గంతులేశాడు. "పూర్తిగా లొంగాలి! చిటికెన వేలితో రావాలి!"

తిప్పయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్నాళ్ళూ రావడం లేదని గోల, వచ్చాక ఇంకా రావాలని గోల! ఇంకో నాలుగు గీతలు పడితే విల్లు పనికిరాకుండా పోతుంది, దాంతో తోపూ పోతుంది.

"ప్రభూ," అన్నాడు చేతులు కట్టుకుని, "శరణన్నాక కూడా కొడితే తమరి కీర్తికి మచ్చ."

భూపతి మీసం సవరించుకుని విల్లును క్షమించాడు.

పొరుగు రాజు వచ్చాడు. అరవై అడుగుల దూరంలో వెదురు గుంజ మీద బూడిదగుమ్మడికాయ పెట్టారు. జనం వెనక నిలబడ్డ ఓబులమ్మ కళ్ళు మూసుకుంది. భూపతి నారిని చెంపదాకా లాగాడు. ఆగాడు. వదిలాడు. కాయ నడిమధ్య దిగింది బాణం!

జనం కేకలకు ఓబులమ్మ కళ్ళు తెరిచింది. తిప్పయ్య మొహం తుడుచుకున్నాడు. తోపు దక్కింది.

దక్కిందనుకున్నాడు గాని, గుండావధానులు ఊరుకుంటేనా! "చూశారా మహారాజా," అని పొరుగు రాజు దగ్గరికి వెళ్ళాడు, "ఇది శాస్త్ర ప్రకారం అయిదు మణుగుల ధనుస్సు!"

"అయిదా!" అని పొరుగు రాజు ఆశ్చర్యపోయాడు. "అంత బిరుసు విల్లు నేనెక్కడా చూడలేదు. తట్ట కట్టండి, చూద్దాం."

తట్ట కట్టారు. రాళ్ళు వేశారు. బాణం పొడుగున నారి దిగేసరికి తట్టలో పన్నెండు వీసెలే ఉన్నాయి. మణుగున్నర!

"సేనాపతి కన్నా తక్కువ!" అని గావుకేక పెట్టాడు అవధానులు. "మోసం ప్రభూ! తిప్పయ్య తమరిని మోసం చేశాడు!"

భూపతి నెమ్మదిగా తిప్పయ్య వైపు తిరిగాడు. తిప్పయ్యకు ఇక సహనం లేదు. ఓబులమ్మ దగ్గరున్న పొట్టు గంప తెచ్చి ఇద్దరు రాజుల మధ్యన దబ్బున పెట్టాడు.

"అవధానులవారు చెప్పింది నిజమే ప్రభూ. ఈ విల్లు సభకొచ్చిన నాడు అయిదు మణుగులే. తక్కిన మూడున్నర మణుగుల పొగరూ ఇదిగో, ఈ గంపలో పొట్టయి పడుంది. సేనాపతిగారి విల్లు నాలుగు మణుగులు. అది ఇవాళ్టికీ ఆయన మాట వినదు, గోడకు వేలాడుతోంది. అయిదు మణుగుల విల్లును పన్నెండు వీసెలకు దించి, చెప్పినచోటికి బాణం వేయించుకున్న ప్రభువు ఇంకెవరన్నా ఉంటే అవధానులవారినే చూపించమనండి."

పొరుగు రాజు గంపలోకి చూశాడు, భూపతిని చూశాడు, ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భూపతి మాత్రం గంపనే చూస్తున్నాడు. పద్దెనిమిది రోజుల పొట్టు. బాణం మీద పద్దెనిమిది సున్నపు బొట్లు. లెక్కపెట్టిన పది.

"తిప్పయ్యా," అన్నాడు చివరికి. "నువ్వు శిక్షించింది విల్లును కాదు. ఇన్నాళ్ళూ నన్ను కొలిచావు."

"తాడు ముట్టలేదు ప్రభూ," అన్నాడు తిప్పయ్య.

భూపతి పెదవి అదిరింది. తర్వాత పొట్ట అదిరింది. తర్వాత కిరీటం పక్కకు ఒరిగేదాకా పడీపడీ నవ్వాడు. పొరుగు రాజు ఉత్తరీయం తీసేసి కలిసి నవ్వాడు.

అక్కడికక్కడే తోపును తిప్పయ్య వంశానికి శాసనం రాయించి ఇచ్చి, తోపు పక్కనున్న ఏటిగట్టు నేలనూ కలిపి ఇచ్చాడు. రేపటి నుంచి ఎవడి బారకు తగ్గ విల్లు వాడికే అన్నాడు. కావలివాడి చేతికి అయిదు మణుగుల విల్లు చేసిపెట్టమన్నాడు. అవధానుల తాటాకుల కట్టను మాత్రం భద్రంగా దాచమన్నాడు, బాణాలకు గురి పెట్టడానికి.

తర్వాత సభంతా చూస్తుండగా రెండు పొట్టి చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు.

"ఇంకో విల్లు కావాలి. తాడు తీసుకురా."

ఈ ముక్క మూడు నెలల కిందట అని ఉంటే మూడు వెదుళ్ళు, ఓబులమ్మ చేట, తన సగం జుట్టూ మిగిలేవి కదా అనుకున్నాడు తిప్పయ్య. మొలలోంచి తాడు తీసి, ఒక కొస ప్రభువు వేలికి పెట్టాడు. రెండో కొస పట్టుకుని అవతలికి వెళ్ళేసరికి భూపతికి మళ్ళీ నవ్వొచ్చి ఒళ్ళంతా ఊగిపోతోంది.

"నవ్వాపండి ప్రభూ," అని విసుక్కున్నాడు తిప్పయ్య. "కొలత తప్పుతోంది."