బండి ముక్కుకు తువ్వాలు

గుర్రాలపేటలో గంగునాయుడు, సింహాద్రి, పోలినాయుడు అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. ముగ్గురికీ తెలివి ఎక్కువ. నేనన్నది కాదండోయ్, వాళ్ళే అనుకునేవారు. పొద్దున్నే కాఫీ తాగుతూ అదే మాట.

"మనకింత తెలివి ఎలా వచ్చిందన్నయ్యా?"

"చిన్నప్పటినుంచీ ఎక్కడా వాడలేదు గదరా, మొత్తం అలాగే ఉండిపోయింది."

చిన్నవాడు పోలినాయుడికి ముప్పై ఏడో ఏట సంబంధం కుదిరింది. ఆరు మైళ్ళ అవతల ఈతలపాలెం పిల్ల, పేరు పైడితల్లి. పిల్ల తండ్రి కూర్మినాయుడు ఖచ్చితంగా చెప్పేశాడు. "ముహూర్తం పదకొండూ ఇరవై. పెళ్ళికొడుకు కారులోంచే దిగాలి. నిమిషం దాటిందా, పిల్ల మేనబావ పట్టుపంచె కట్టుకుని పందిట్లోనే ఉంటాడు. తాళి వాడిచేత కట్టించేస్తా!"

అంతే, అన్నదమ్ములు ఓ పాతకారు సంపాదించారు. ఈతలపాలెం దారంతా ఎర్రదుమ్ము. ముక్కుకు తువ్వాలు కట్టకుండా ఆ ఇంట్లో ఎవరూ ఆ దారి తొక్కరు. ముగ్గురూ కట్టుకున్నారు. గంగునాయుడికి జాలేసింది. "మనం కూర్చుని వెళ్ళేవాళ్ళం, మనకే తువ్వాలు. పాపం పరిగెత్తేది ఇదీ!" అని బానెట్ ఎత్తి, ఇంజను గాలి పీల్చే గొట్టానికి కొత్త తువ్వాలు రెండు మడతలేసి, మూడు ముళ్ళేసి కట్టాడు.

ఇంకేముంది! కారు దగ్గింది, తుమ్మింది, నల్లటి పొగ కక్కింది. ఎలాగో ఈడ్చుకుంటూ వచ్చి ఈతలపాలెం పొలిమేరలో ఆగిపోయింది. పందిరి కనిపిస్తూనే ఉంది, సన్నాయి వినిపిస్తూనే ఉంది. టైము పదిన్నర.

"నడిచిపోదామన్నయ్యా," అన్నాడు పోలినాయుడు.

"పెళ్ళి చెడగొడతావా? మామ కారులోంచి దిగమన్నాడు!"

మెకానిక్ జిలానీ భాయ్‌కి ఫోను కొట్టారు.

"పొగ ఏ రంగు?" అన్నాడు భాయ్.

"నల్లగా, మా సింహాద్రి రంగు."

"అయితే గాలీ పెట్రోలూ కలిసే మిక్చర్ తప్పింది. గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ వెళ్తోంది. గాలి బాగా తగలనివ్వండి, పెట్రోలు తగ్గించండి."

అంతే! సింహాద్రి విసనకర్ర తీసుకుని ఇంజనుకి విసిరాడు. గంగునాయుడు ట్యాంకులో పెట్రోలంతా బిందెలోకి దింపి, గ్లాసుడు మాత్రం వెనక్కి పోశాడు. "ఇంక తగ్గించడానికి లేదు భాయ్!"

"ఏం చేశార్రా నాయనా? సరే, ప్లగ్గులు తీసి చూడండి. బండి బాగుంటే అవి బిస్కెట్ రంగులో ఉండాలి."

తీశారు. నల్లగా మసి! పెళ్ళి సామానులో గంధముందిగా, ప్లగ్గులకు దట్టంగా పూసి, సంచిలోని బిస్కెట్టు పక్కన పెట్టి చూసుకుని మురిసిపోయి, మళ్ళీ బిగించారు. బండి కిక్కురుమనలేదు. పదకొండయింది. పోలినాయుడికి ఏడుపొచ్చేసింది. "అక్కడ మేనబావ పంచె సర్దుకుంటున్నాడురోయ్!"

"ఆ గంధం తుడిచి బిగించండి!" అని సంగతి విన్న భాయ్ ఫోనులో అరిచాడు. "గాలి గొట్టానికి ఏదన్నా అడ్డముందా?"

"ఏమీ లేదు భాయ్, తువ్వాలే."

భాయ్ నెత్తి కొట్టుకున్న చప్పుడు ఫోనులో వినిపించింది. తర్వాత మెల్లగా అన్నాడు. "అది విప్పెయ్యండి. తోసి స్టార్ట్ చెయ్యండి. స్టార్టయ్యాక మాత్రం బండి ఎక్కడా ఆపకండి!"

స్టీరింగు దగ్గర సింహాద్రి. ఫోను పట్టుకుని పక్కన గంగునాయుడు. మిగిలింది పెళ్ళికొడుకే. తోశాడు. బండి బుర్రుమని అందుకుంది. అంతే, ఆపొద్దన్నాడుగా, ఆపలేదు! పోలినాయుడు పంచె ఎగ్గట్టి, బాసికం పట్టుకుని, పొగలో పడి వెనకాలే పరుగు.

కారు పందిరి దగ్గరికొచ్చింది. ఆగలేదు. పందిరి చుట్టూ తిరిగింది.

"అల్లుడేడయ్యా?" అన్నాడు కూర్మినాయుడు.

"వెనకాల..." అని గంగునాయుడు అనేసరికి కారు మలుపు తిరిగిపోయింది. మళ్ళీ చుట్టొచ్చి, "...వస్తున్నాడు మామా!" మూడో చుట్టులో, "మమ్మల్ని ఆపొద్దన్నారు!" నాలుగో చుట్టులో గ్లాసుడు పెట్రోలూ అయిపోయి బండి దానంతటదే ఆగింది. అప్పుడే పోలినాయుడు వచ్చిపడ్డాడు. మాట ప్రకారం జరగాలిగా! ఓ తలుపులోంచి కారెక్కించి, రెండో తలుపులోంచి దింపి, పీటల మీద కూర్చోబెట్టారు. టైము పదకొండూ పంతొమ్మిది. మేనబావ ఉసూరుమని కూర్చున్నాడు.

పోలినాయుడు తాళి అందుకున్నాడు గానీ ఒకటే రొప్పు. మొహం నిండా మసి. గంగునాయుడు అదిరిపడ్డాడు.

"ఒరే సింహాద్రీ! నలుపు చూడు, గాలి అందట్లేదు చూడు. బండి జబ్బు వీడికీ అంటుకుందిరా! ఒరే పోలీ, నోరు తెరువు!"

తెరిచాడు. పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి.

"చచ్చాం! ఒక్కటీ బిస్కెట్ రంగులో లేదు!"

ఇంకేముంది, పళ్ళెంలో గంధపు గిన్నె ఎదురుగానే ఉంది. ముప్పై రెండింటికీ దట్టంగా పట్టించాడు. ఆ పూత పళ్ళ మీద ఉండగానే పోలినాయుడు మూడు ముళ్ళూ వేశాడు. పైడితల్లి తలెత్తి మొగుణ్ణి మొదటిసారి చూసింది. పాపం, అతను సంతోషం పట్టలేక ఇంత పొడుగున నవ్వాడు.

"అమ్మాయ్, భయపడకు," అన్నాడు సింహాద్రి మరదలితో. "ఇప్పుడు మిక్చర్ సరిగ్గా ఉంది. నువ్వు వెనక నుంచి ఓసారి తోశావంటే చాలు!"