చెంచి కొన్న గేర్ల సైకిలు

ఏడుగుండ్ల గుట్ట మీది జంతువులకు ఉప్పు కావాలి. ఉప్పు దొరికేదేమో గుట్ట కింద సంతలో. మధ్యనున్నదంతా రాళ్ల బాట. ఆ బాటన మూటలు మోసీ మోసీ చెంచి అనే గాడిదకు వీపంతా పుండ్లు పడ్డాయి. మూటలు ఎలుగుబంటి షావుకారువి. మోత చెంచిది, లాభం ఎలుగుది. సొంత సైకిలు మీద ఉప్పు తెచ్చేవాళ్లుంటే ఇకపై వాళ్ల దగ్గరే కొంటామని గుట్ట మీది దుప్పులు కబురంపాయి. అంతే, రెండేళ్లుగా దాచుకున్న డబ్బంతా మూటగట్టుకుని చెంచి సంతకు దిగింది. ఈ డబ్బు గంగలో కలిసిందా, మళ్లీ ఎలుగు మూటలే గతి.

సైకిళ్ల అంగడి నక్క మామది. చెంచిని చూసి చెట్టు మీది కోతులు పళ్లికిలించాయి. "గాడిదకు గేర్ల సైకిలంట్రోయ్!"

"అవునర్రా, గాడిదకే! మీ అబ్బ సొమ్మేమైనా అడిగానా?" అంది చెంచి.

అన్నిట్లోకీ చవకది ఎంచుకుంది. రంగు వెలిసింది గానీ చట్రం గట్టిది. చక్రాలు తిప్పి చూసింది, వంకర లేదు. గేర్లు చక్కగా పడుతున్నాయి. టైర్లు మాత్రం నున్నగా అరిగిపోయాయి, బ్రేకులు పట్టడం లేదు.

"ఇది చాలు మామా. లావుపాటి గళ్ల టైర్లు, కొత్త బ్రేకు రబ్బర్లు వెయ్యి. మిగతాదాంతో ఉప్పు కొనుక్కుంటా."

నక్క మామ నాలుక చప్పరించాడు. "టైర్లదేముందే పిచ్చిదానా! ఆ రాళ్ల మీద షాకబ్జార్బరు లేకపోతే నీ ఎముకలు పిండైపోవూ? ఇదిగో చూడు, వెండిలా ఎలా మెరుస్తోందో! నీ దగ్గరున్నదంతా ఇచ్చెయ్, మేనకోడలివనుకుని బిగించి పెడతా."

నిజం చెప్పొద్దూ, చెంచి మనసు మెత్తబడింది. ఆ తళుకు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. పైగా ఎముకల మాట వినగానే వీపు పుండ్లు సలిపాయి. మూట ముడి సగం విప్పింది కూడా. అప్పుడు కనబడింది, అంగడి గోడకు ఆనించిన సైకిలు. నక్క మామ వారంవారం గుట్టెక్కేది దాని మీదే. నిండా మట్టి. టైర్లకు గిట్ట దిగేంత గళ్లు. షాకబ్జార్బరు మాత్రం లేదు.

"మామా, నీ సైకిలుకు లేదేం ఈ వెండిది?"

"నా సంగతి వేరు. గాడిదకేం తెలుసు గంధపు పొడి వాసన! ఇటివ్వు, ఇటివ్వు!"

చెంచికి ఒళ్లు మండింది. "గంధం వాసన తెలియకపోతే పోయె, మోసం వాసన తెలుసు! వీరన్న తాతా, ఒక్కసారి ఇటు రా!"

వీరన్న ముసలి ఎద్దు, ఆ సంతకు పెద్ద. సంతలో ఒక కట్టుబాటుంది. కొనేవాళ్లు కోరితే అమ్మేవాడు తన సరుకు తానే వాడి చూపాలి. సరుకు చెడిందా, దాని బదులు తాను సొంతానికి వాడుకునేది ఏది అడిగినా మామూలు ధరకే ఇచ్చుకోవాలి.

"నన్నమ్మిన రోజున మా రైతు కూడా కాడి కట్టి రెండు చాళ్లు దున్ని చూపించాడు" అన్నాడు వీరన్న, నెమరు ఆపకుండా. "బిగించవయ్యా. ఎక్కవయ్యా."

"ఎండ ముదిరింది తాతా... నడుం కూడా పట్టేసింది..."

"ముంజేతి కంకణానికి అద్దమెందుకు? మంచి సరుకైతే భయమెందుకు?"

సంతంతా చుట్టూ మూగింది. నక్క మామకు దాన్ని చెంచి సైకిలుకు బిగించి ఎక్కక తప్పలేదు. అది తుప్పు పట్టిన పాత సరుకు, పైన వెండి రంగు పూశాడంతే. మూడో రాయి దగ్గర కిర్రుమని ముడుచుకున్నది మళ్లీ లేవలేదు. మామ ఎగిరి వెళ్లి రేగుకంపలో పడ్డాడు.

"పైన పటారం, లోన లొటారం!" అని ఈసారి కోతులు అతన్ని చూసి అరిచాయి.

చెంచి కంప దగ్గరికి వెళ్లి నిలబడింది. "ముళ్లు తర్వాత పీక్కుందువు గానీ, నీ సైకిలు టైర్లు విప్పు. బ్రేకు రబ్బర్లు కూడా."

"ఓసి నీ దుంపతెగ, వాటి మీదే కదే నా బతుకు!"

"నా బతుకూ వాటి మీదే మామా. విప్పు."

ముడుచుకుపోయిన వెండిది పీకించి, ఆ టైర్లూ రబ్బర్లూ తన సైకిలుకు వేయించుకుంది. సైకిలు ధర, టైర్ల ధర, రబ్బర్ల ధర వీరన్న ఎదుటే చెల్లించింది. మిగిలిన డబ్బుకు ఒక్క మూట ఉప్పు వచ్చింది. అది వెనక కట్టుకుని, చిన్న గేరులో, ఒగురుస్తూ గుట్టెక్కసాగింది. ఎముకలు కదిలిపోతూనే ఉన్నాయి. టైరు మాత్రం ఒక్క రాయి మీదా జారలేదు.

సగం బాటలో ఎలుగుబంటి అడ్డంగా నిలబడ్డాడు. "ఏయ్ గాడిదా! రేపటి మూటలు ఎవరు మోస్తారే?"

చెంచి పక్కనుంచి తొక్కుకుంటూ పోయింది. "నీకూ వీపుందిగా షావుకారూ, మోసి చూడు!"

నీతి: అమ్మేవాడు పొగిడేది కాదు, తాను వాడుకునేది చూసి కొను.