రాతికడుపు రాజు

అనగనగా ఒక రాజు. పేరు ధవళకీర్తి. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక రాతికడుపు.

అదెలా వచ్చిందంటారా? పాషాణుడనే మాంత్రికుడు కొలువులో చేరి, "మహారాజా, తెల్లటి తిండి తింటే దేవతలౌతారు" అన్నాడు. ఇంకేం! బియ్యంలో తవుడు పోయేదాకా దంచారు, దంచిందే దంచారు. పప్పుకు పొట్టు తీశారు, పండుకు తొక్క తీశారు. రాజు కడుపు బిగుసుకుపోయింది. తెల్లవారితే కోటంతా మరుగుదొడ్డి తలుపు వంక చూడడం, ఉసూరుమనడం. రాజు పని కాగానే మోగే నగారా మూగబోయింది.

పెద్దకొడుకు నెయ్యి పట్టించాడు. కదల్లేదు. నడిపివాడు ఆముదం పట్టించాడు. ఆ పూట కదిలి, మళ్ళీ బిగిసింది. "కిరీటం నాకిస్తే కడుపు విప్పుతా" అన్నాడు పాషాణుడు. రాజు మూలుగుతూ తలూపాడు. పున్నమికి పట్టాభిషేకం.

చిన్నవాడు నందకుడు పశువులపాకలో కూర్చుని ఏడ్చాడు.

"మీ తవుడూ తొక్కలూ నా కుడితిలోకే వస్తాయి నాయనా. నా పేడ చూడు, ఏం లోటు?" అంది కర్రావు.

నందకుడు తవుడు పట్టుకెళ్తే రాజు మొహం తిప్పుకున్నాడు. "పశువుల తిండి నాకా? చస్తే చస్తాను గానీ!"

నిజంగానే చచ్చేలా ఉన్నాడు.

"అయితే మాంత్రికుడి సంగతే చూడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. నా తోక వదలకు" అంది ఆవు. పోయినవాళ్ళు పట్టుకునే తోకను నందకుడు బతికుండగానే పట్టుకున్నాడు.

ఏడు సముద్రాలూ దాటితే నల్లటి దీవి. మాంత్రికుడు ఎత్తుకొచ్చిన సేవంతి అనే పిల్ల అక్కడ చిలక కోసం పళ్ళ తొక్కలు తీస్తోంది. పంజరంలో చిలక ఉబ్బిపోయి కూర్చుంది. నందకుడు కత్తి దూశాడు.

"పొడువు బాబూ. ఈ కడుపుతో బతకడం కంటే అదే నయం" అని మూలిగింది చిలక.

అచ్చం నాన్న మూలుగే! నందకుడి చెయ్యి దిగిపోయింది. "తొక్కతో, గింజలతో జామపండు పెట్టు. నీళ్ళు తాగించు" అన్నాడు సేవంతితో.

"మాంత్రికుడు చంపేస్తాడు!"

"ముందు వాడికి తీరిక దొరకాలిగా!"

ముగ్గురూ ఆవుతోక పట్టుకుని పున్నమికి కొలువు చేరారు. దారంతా చిలకకు జామపళ్ళే. పాషాణుడు కిరీటం అందుకుంటుంటే, నందకుడి భుజం మీద చిలక హాయిగా పని కానిచ్చింది. అక్కడ పాషాణుడు కడుపు పట్టుకున్నాడు.

"చెంబు! చెంబేదీ!"

రాజు కొలువులోకి మోయించుకొచ్చిన మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "ఒరేయ్, నీకెలా అయిందిరా?"

"నా చిలకకి తొక్కతో పండు పెట్టారు, పాపిష్ఠివాళ్ళు!" పరుగెడుతూనే అరిచాడు మాంత్రికుడు.

రాజు చిలక వంక చూశాడు, కొడుకు వంక చూశాడు.

"నందకా," అన్నాడు రాజు మెల్లగా, "ఆ తవుడు ఇంకా ఉందా?"

చిలక ఎగిరిపోయింది. ప్రాణం వెనకాలే పాషాణుడూ పోయాడు. రాజుకు మాత్రం ఒక్కరోజులో నయం కాలేదు. దంపుడు బియ్యం, పొట్టుపప్పు, తోటకూర, చెంబులకొద్దీ నీళ్ళు. కోట ఇంకొన్నాళ్ళు ఉసూరుమంటూనే ఉంది. ఒక తెల్లవారుజామున తలుపు తెరుచుకుంది. రాజు నవ్వుతూ బయటికొచ్చాడు. నగారా మోగింది.

ఆ నగారాతోనే నందకుడికీ సేవంతికీ పెళ్ళి చేసి, కిరీటమూ ఇచ్చారు. వాళ్ళు చల్లగా చాలాకాలం ఏలారు. దిగులల్లా కర్రావుదే: కుడితి పలచబడిపోయింది పాపం!