నాయనమ్మ పట్టుచీర, మరుగుతున్న గంగాళం

తామరకోట రాజు విజయగోపాల భూపతికి ఆ పొద్దున పాత భోషాణం తెరవాలని బుద్ధి పుట్టింది. బుద్ధి పుట్టడం రాజుగారి వంతు, తల పట్టుకోవడం కొలువు వంతు.

భోషాణం అడుగున ఆయన నాయనమ్మ పెళ్ళిచీర దొరికింది. కుంకుమరంగు పట్టు, అరచేతి వెడల్పు జరీ అంచు. తల్లి లేని రాజును పెంచింది ఆ నాయనమ్మే. వారం తిరిగితే రాకుమార్తె పెళ్ళి. పిల్ల ఆ చీరతోనే పీటల మీద కూర్చోవాలని రాజుగారి ఆశ.

కానీ ఏళ్ళ తరబడి మడతల్లో ఉండి చీర ముక్కవాసన కొడుతోంది. కొంగు మీద ఇంత పసుపు మరక. పైగా ఆ వంశంలో పెళ్ళిపట్టు గడప దాటి చాకిరేవుకు పోకూడదు. ఉతికితే ఇంట్లోనే ఉతకాలి.

"ఎవరు ఉతుకుతారు?" అన్నారు రాజుగారు, చీరను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని.

వస్త్రాగారం అధికారి రంగశాయి భుజం మీది పాత పట్టు ఉత్తరీయం సర్దుకుంటూ లేచాడు. ఆయన చేతులు భోజనానికి ముందూ వెనకా తప్ప తడవగా చూసినవాళ్ళు లేరు.

"నేనుండగా ఇంకొకరెందుకు ప్రభూ? గంగాళంలో చవుడు నీళ్ళు తెర్లించి, చీర ఉడకేసి, రాతి మీద నాలుగు బాదితే మరకే కాదు, మరక బాబు కూడా దిగొస్తాడు. వంద పట్టుబట్టలు ఉతికించిన చెయ్యి ఇది."

రాజుగారు తలూపారు. పెరట్లో పొయ్యి రాజుకుంది.

విదూషకుడు చిట్టెన్న ఇరకాటంలో పడ్డాడు. నోరు మూసుకుంటే చీర పోతుంది, తెరిస్తే తన పరువు పోతుంది. పరువు ఎటూ అంతంతమాత్రమే కనుక నోరే తెరిచాడు.

"ఉడకబెట్టకండి ప్రభూ. ఆ చీర బతకదు."

"నీకెలా తెలుసు?"

"నా పెళ్ళి పట్టుపంచె ఉడకబెట్టి చూశాను. ఇప్పుడది మా ఇంట్లో మజ్జిగ వడపోస్తోంది."

కొలువు నవ్వింది కానీ రాజుగారు నవ్వలేదు. "ఇది పరిహాసాల వేళ కాదు చిట్టెన్నా. అడ్డుపడ్డావు, బాగానే ఉంది. నీ మాట తప్పని తేలితే రేపటినుంచి ఈ కొలువు గడప తొక్కొద్దు."

చిట్టెన్నకు వేరే పనేదీ అచ్చిరాలేదు. ఒకప్పుడు పొలం దున్నబోతే ఎద్దులే అతన్ని ఇంటికి తీసుకొచ్చాయి. ఉప్పు అమ్మబోతే వానలో నిలబడి బేరమాడాడు. ఈ కొలువు పోతే మిగిలే విద్య ఆకలి ఒక్కటే.

"మరెలా ఉతకమంటావు?" అన్నారు రాజుగారు.

"చన్నీళ్ళలో కుంకుడు నురగ కలిపి, చీరను ముంచి తేల్చాలి ప్రభూ. రుద్దకూడదు, పిండకూడదు. పొడి తుండుగుడ్డలో చుట్టి తడి అద్దించి, నీడపట్టున ఆరెయ్యాలి. మరక మొత్తం పోకపోవచ్చు. చీర మాత్రం ఉంటుంది."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"మా ఆవిడ ప్రభూ. ముందే చెప్పింది. నేను పంచె పోయాక విన్నాను."

రంగశాయి పెదవి విరిచాడు. "పంచె చిరగడం ఉడకబెట్టిన తప్పు కాదు ప్రభూ, ఆ చేతుల తప్పు. అలాంటి చేతులవాడి మాట విని మరకల చీరతో రాకుమార్తెను పీటలెక్కిస్తారా?"

రాజుగారు ఇటు చూశారు, అటు చూశారు. ఈలోగా నీళ్ళు తెర్లుతున్నాయని పెరట్లోంచి కబురొచ్చింది. ఆయన చీర తీసి రంగశాయి చేతికి ఇవ్వబోయారు.

"రంగశాయిగారు అన్నది నిజం ప్రభూ," అన్నాడు చిట్టెన్న వినయంగా. "నా చేతులు ఎందుకూ కొరగానివి. ఆయన పనితనం చూసి ఇవాళైనా నేర్చుకుంటాను. ఒక్క మనవి. పాత రంగుబట్టను నీళ్ళలో వేసేముందు ఓ మూల తడిపి చూడటం ఆనవాయితీ."

రాజుగారు చీరను మళ్ళీ గుండెలకు హత్తుకున్నారు. "దీని మీద పరీక్షలు పెట్టనివ్వను, మూలైనా సరే."

"అక్కర్లేదు. దీని తోడబుట్టింది ఇక్కడే ఉంది. రంగశాయిగారి తాతగారికి మీ నాయనమ్మగారి పెళ్ళినాడు పెట్టిన పట్టు ఇదేననీ, ఈ చీర నేసిన మగ్గం మీదే నేశారనీ ఆయన తన ఉత్తరీయం గురించి రోజూ చెబుతూనే ఉంటారు కదా. ముందు దాన్ని గంగాళంలో వేద్దాం. అది నిలిస్తే చీరా నిలుస్తుంది."

రంగశాయి రెండు చేతులూ భుజం మీదికి పోయాయి. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మంచి మాటే," అన్నారు రాజుగారు. "వెయ్యి రంగశాయీ."

"ప్రభూ... ఇది బాగా పాతది. అంత వేడికి తట్టుకోదేమో."

"వంద ఉతికించిన చెయ్యి అన్నావుగా?"

"అవి వేరు ప్రభూ. ఇది మా తాతగారి గుర్తు. నాకున్నది ఇదొక్కటే."

చిట్టెన్న మెల్లగా అడిగాడు.

"ప్రభువులకు మాత్రం నాయనమ్మలు వందమంది ఉన్నారా?"

రాజుగారే ముందు నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూ. వెంటనే కొలువంతా నవ్వింది. రంగశాయి ఉత్తరీయాన్ని ఇంకా వదల్లేదు.

పొయ్యి ఆర్పించారు. కుంకుళ్ళు కొట్టే పని రంగశాయికి అప్పగించి, చిట్టెన్న చెప్పినట్టే ఉతకమని చీరను రాణిగారి చేతికి పంపారు.

"చిట్టెన్నా," అన్నారు రాజుగారు, "నీకు పట్టుబట్టలు పెడదామనుకున్నాను. నీ కథ విన్నాక మనసొప్పడం లేదు. మా కొట్టంలోంచి మంచి పాడిగేదెను తోలుకుపో. దాన్ని ఎంత బాదినట్టు తోమినా చిరగదు."

ఈసారి అందరికంటే పెద్దగా నవ్వింది చిట్టెన్నే.