పేరు లేని తిలోదకం

ఇంకాస్త దగ్గరికి జరగండమ్మా. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు. వెనకవాళ్లు ముందువాళ్ల భుజం మీద గడ్డం ఆనించి వినాల్సిందే. స్వామి దయ వల్ల మనమంతా ఒకచోట కూర్చున్నాం కాబట్టి చెప్పగలుగుతున్నాను. ఒంటరిగా ఉంటే నాకే నోరు పెగలదు.

మా గురువుగారు శివబోధులవారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు. చెప్పుల్లో కాళ్లు పెట్టి "పద నాయనా" అంటారు. ఆ ఏడు భాద్రపదంలో ఒక పొద్దున శిష్యుడు శేషాచలం వచ్చి నమస్కరించాడు.

"స్వామీ, ఆశ్రమంలోని రాతప్రతులన్నీ ఫొటోలు తీసి క్లౌడ్‌లో పెట్టేశాను. ఇక వాటికి చెద లేదు, నిప్పు లేదు. పాత పుస్తకాలు పసుపు కుంకాలతో గోదావరిలో కలిపేయమంటారా?"

గురువుగారు చెప్పుల్లో కాళ్లు పెట్టారు. అది మహాలయ అమావాస్య. నేనూ వెంట వెళ్లాను. చూసిందే చెబుతున్నాను.

రేవులో పితృకార్యాలు చేయించేది లింగావధాని గారు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంట ఎవరు పోయారో, వాళ్ల పేర్లూ గోత్రాలూ అవధాని గారి తాతగారి నాటి నుంచి పుస్తకాల్లో రాసి ఉండేవి. అంతకు ముందు ఏడు ఆ పేజీలన్నీ ఫొటోలు తీసి క్లౌడ్‌కి ఎక్కించారు. ఇంట్లో ఏది మొదలుపెట్టినా పెద్దవారి పేరునే కదా, ఆ ఖాతానీ తండ్రిగారి పేరున, తండ్రిగారి ఫోను నంబరుతో తెరిచారు. తర్వాత పుస్తకాలను పూలతో గోదారిలో వదిలారు. తండ్రిగారు ఈ ఏటి ఆషాఢంలోనే పోయారు. ఆ నంబరు తీయించేశారు.

మేం వెళ్లేసరికి మెట్ల మీద జనం వరుస కట్టి ఉన్నారు. ముందు తాతబ్బాయి అనే కొబ్బరి రైతు, యాభై ఏళ్లవాడు, దోసిట్లో నువ్వులూ నీళ్లూ పట్టుకుని కూర్చున్నాడు. అవధాని గారు ఫోను పట్టుకుని చెమటలు కక్కుతున్నారు.

"ఏంటండీ ఆలస్యం? పైన పెట్టారంట కదా, నిచ్చెన తెమ్మంటారా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. జనం నవ్వారు.

అవధాని గారు నవ్వలేదు. ఫోను మీద ఉన్నది పైకి చదివారు. చాలా నెలలుగా తెరవనందున ఈ ఖాతాలోనివన్నీ తొలగించాం, ముందుగా మూడుసార్లు మీ నంబరుకు తెలియజేశాం అని ఉంది. ఏడాదికి ఒక్క పక్షం తెరిచే పుస్తకం అది. తెలియజేసింది పోయినాయన నంబరుకి.

"ఆ నంబరుకి కొట్టి చూడండి," అన్నారెవరో. ఏం తోచక ఆయన కొట్టారు. మీరు పిలిచిన నంబరు ఉపయోగంలో లేదు అని ఒక ఆడగొంతు తీయగా చెప్పింది. నీళ్ల మీద ఆ మాట దూరం దాకా వినిపించింది. ఆపైన ఎవరూ నవ్వలేదు.

"తాతబ్బాయ్, నాన్న పేరూ తాత పేరూ నీకు తెలుసుగా, చెప్పేసెయ్," అన్నారు అవధాని గారు.

"ఆయ్, వాళ్లవి తెలుసండి. మా అక్కది తెలీదండి."

అప్పుడు చెప్పాడు. తను పుట్టకముందు తొమ్మిదేళ్ల అక్క ఈ రేవులోనే మునిగిపోయిందట. పేరెత్తి పిలిస్తే గడప దాకా వచ్చేస్తుందని నాయనమ్మ ఇంట్లో ఎవరినీ ఆ పేరు పలకనివ్వలేదు. తల్లి మాత్రం ఏటా అమావాస్యకి వచ్చి మూడో మెట్టు మీద నిలబడేది. ఈయన తండ్రి పెద్ద అవధాని గారు పుస్తకం చూసి గొంతు తగ్గించి ఆ పేరు చెప్పి నీళ్లు వదిలించేవారు. తల్లి సంవత్సరీకం అయ్యాక అతనికి ఇదే మొదటి మహాలయం. పోయేముందు ఆమె కొడుకుతో, పేరు పంతులుగారి పుస్తకంలో ఉంది, నువ్వు చెప్పించు అంది. అంతే.

"పేరు తెలియకపోతే నారాయణుడి పేరు చెప్పి వదలొచ్చు. శాస్త్రం ఒప్పుకుంటుంది," అన్నారు అవధాని గారు.

"శాస్త్రం ఒప్పుకుంటదండి. అక్క ఒప్పుకోవద్దాండీ? ఎవర్నో పిలుస్తున్నారనుకుంటది."

అప్పుడే నాకు రెండు సంగతులు తెలిశాయి. రేవు పొడుగునా కరెంటు తీగ మీద కాకులు బారుగా కూర్చున్నాయి. కింద ఇన్ని పిండాలున్నా ఒక్కటీ అరవడం లేదు, ఒక్కటీ దిగడం లేదు. ఇక తాతబ్బాయికి ఎదురుగా, నీళ్లలోంచి పైకి చిన్న తడి అడుగులు. నిప్పులాంటి ఎండ. మెట్లన్నీ ఆరిపోయాయి, ఆ అడుగులు ఆరలేదు. మూడో మెట్టు దగ్గర ఆగి ఉన్నాయి.

తాతబ్బాయీ చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి "అక్కా," అని మాత్రం అని, నీళ్లు వదిలాడు.

కాకులు కదల్లేదు.

అతను లేచి మెట్లెక్కి రోడ్డు మీదికి నడిచాడు. తడి పాదాలు కదా, వెనకాల గుర్తులు పడ్డాయి, పడ్డవి పడ్డట్టే ఎండకి ఆరిపోయాయి. వాటి పక్కన పడుతున్న చిన్నవి ఆరలేదు.

వరుసలో ఉన్నవాళ్ల మొహాల్లో నెత్తురు లేదు. ముందుగా ఎవరు మొదలుపెట్టారో తెలీదు. ఒకాయన పక్కనున్న ముక్కూమొహం తెలియనివాణ్ణి పట్టుకుని, "మా అమ్మ పేరు సుందరమ్మ, ఏదీ, ఒక్కసారి అను బాబూ," అన్నాడు. వాడు అన్నాడు. వాడూ తన వాళ్ల పేరు చెప్పాడు. చూస్తుండగా రేవంతా చెవుల్లో పేర్లే.

శేషాచలం గురువుగారి దగ్గరికి జరిగి, "స్వామీ, ఆకాశమంత చోటు ఉందన్నారండీ వాళ్లు..." అన్నాడు.

"చోటుకేం నాయనా, బోలెడు," అన్నారు గురువుగారు. "తలుపు గడియే మనవైపు లేదు."

శేషాచలం ఆశ్రమానికి తిరిగొచ్చి పాత పుస్తకాలను మళ్లీ గుడ్డలో చుట్టి అరలో పెట్టాడు.

మీరు నన్ను మరిచిపోయినా ఫర్వాలేదు. ఆ వరుసలో పక్కవాడి చేత అమ్మ పేరు అనిపించుకున్నాయన చేసిన పని మాత్రం మరవకండి. ఇళ్లకు వెళ్లేలోగా మీ ఒక్కరికే తెలిసిన పేరు పక్కవారికి చెప్పండి. తిరిగి చెప్పించుకోండి. ఏదమ్మా, నువ్వు మొదలుపెట్టు.